కుర్దుల హక్కుల కోసం శాంతియుతంగా పనిచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా: జర్మనీలో చదువుకుంటూ, తుర్కియే (టర్కీ) నుంచి వచ్చిన కుర్దు మిత్రులతో కలిసి చిన్న బృందం పెట్టారు. ర్యాలీలకు వెళ్తున్నారు, సంతకాలు సేకరిస్తున్నారు, కదలిక మాత్రం కనిపించడం లేదు. తుపాకులతో సంబంధం లేకుండా, ప్రజాస్వామ్య పద్ధతిలో నిజంగా ఉపయోగపడే పని ఏముంది అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, "కుర్దులకు హక్కులు కావాలి" అన్న డిమాండును తీర్చగల అధికారి ప్రపంచంలో ఎవరూ లేరు. ఏ దేశం, ఏ చట్టం, అందులో ఏ వాక్యం, దాన్ని మార్చే అధికారం ఎవరిది అన్నవి లేని వినతిపత్రం ఏ ఆఫీసులోనూ ఫైలుగా మారదు. కాబట్టి మొదటి నెలంతా చదవడానికే పెట్టుకోండి. ర్యాలీ ఆ తర్వాత చూసుకోవచ్చు.

కుర్దులు ప్రధానంగా నాలుగు దేశాల్లో ఉన్నారు, నాలుగు చోట్లా సమస్య ఒకటి కాదు. ఇరాక్‌లో 2005 రాజ్యాంగం 4వ అధికరణ అరబిక్‌తో పాటు కుర్దిష్‌ను అధికార భాష చేసింది, 117వ అధికరణ కుర్దిస్తాన్ ప్రాంతాన్ని గుర్తించింది. అక్కడ మిగిలినవి కిర్కుక్ వంటి వివాదాస్పద ప్రాంతాలు (140వ అధికరణ వాటికి పెట్టిన గడువు 2007 డిసెంబర్ 31తోనే దాటిపోయింది), బాగ్దాద్‌తో ఉద్యోగుల జీతాల పేచీ, ఇంకా కుర్దు ప్రభుత్వం తన విమర్శకులతో వ్యవహరించే తీరు. 2021 ఫిబ్రవరిలో ఆ ప్రాంత రాజధాని ఎర్బిల్‌లోని కోర్టు జర్నలిస్టులు, కార్యకర్తలు కలిపి ఐదుగురికి ఆరేసి ఏళ్ల జైలు వేసింది. దీని మీద నోరు మెదపని బృందం అంకారాను, అంటే తుర్కియే ప్రభుత్వాన్ని, విమర్శిస్తే వినేవాళ్లకు నమ్మకం కుదరదు. సిరియాలో చిక్కుముడి 1962 అక్టోబర్ 5న హసకా రాష్ట్రంలో ఒక్క రోజులో చేసిన జనగణనతో పడింది. దాదాపు 1,20,000 మంది కుర్దుల పౌరసత్వం దాంతో పోయింది. 2011 ఏప్రిల్‌లో 49వ నంబరు డిక్రీ వచ్చి "విదేశీయులు"గా నమోదైనవారికి పౌరసత్వం ఇచ్చింది, అసలు రిజిస్టర్లలో పేరే లేనివారిని వదిలేసింది. ఇరాన్ రాజ్యాంగం 15వ అధికరణ స్థానిక భాషల సాహిత్యాన్ని పర్షియన్‌తో పాటు బడిలో బోధించవచ్చు అంటుంది. సనందజ్‌లో కుర్దిష్ నేర్పిన జారా మొహమ్మదీకి మాత్రం 5 ఏళ్ల శిక్ష పడింది. 2022 జనవరిలో జైలుకు వెళ్లిన ఆమె 2023 ఫిబ్రవరిలో విడుదలైంది.

మీ మిత్రులది తుర్కియే కాబట్టి ఇక దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు గోడ ఎక్కడుందో చూడాలి. 1982 రాజ్యాంగం 42వ అధికరణ ప్రకారం టర్కిష్ తప్ప మరే భాషనూ విద్యాసంస్థల్లో పౌరులకు మాతృభాషగా బోధించకూడదు. 66వ అధికరణ, పౌరసత్వ బంధమున్న ప్రతి ఒక్కరూ తుర్కు అంటుంది. ఈ రెండూ మార్చకూడని అధికరణలని చాలామంది కుర్దు మిత్రులే అనుకుంటారు. అది నిజం కాదు. 4వ అధికరణ తాళం వేసింది మొదటి మూడు అధికరణలకే. అయితే మిగతావి మార్చాలన్నా 600 మంది పార్లమెంటులో 400 ఓట్లు కావాలి, లేదా 360 ఓట్లతో పాటు రెఫరెండం గెలవాలి. కుర్దుల మద్దతు ఎక్కువగా ఉన్న డెమ్ పార్టీకి ఉన్న సీట్లు 60 లోపే. అంటే రాజ్యాంగ సవరణ పెద్ద పార్టీలు కలిసొస్తేనే అయ్యే పని. మామూలు చట్టం సాధారణ మెజారిటీతో మారుతుంది. మంత్రిత్వ శాఖ ఉత్తర్వుకైతే అదీ అక్కర్లేదు. మీ డిమాండ్లను ఈ మూడు స్థాయిలుగా విడదీసి రాసుకోండి. అన్నీ ఒకే కరపత్రంలో కుక్కితే ఎదుటివాడు అన్నిటికంటే బరువైనదాన్ని పట్టుకుని, తేలికైనవాటికి కూడా "రాజ్యాంగం ఒప్పుకోదు" అని చెప్పి పంపిస్తాడు.

అలాగే ఏ ఒప్పందాన్ని ఉటంకించకూడదో తెలియాలి. ఐరోపా ప్రాంతీయ, మైనారిటీ భాషల చార్టర్ మీద తుర్కియే సంతకమే చేయలేదు. జాతీయ మైనారిటీల రక్షణ ఒప్పందం మీదా అంతే. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందంలో మైనారిటీలకు సంబంధించిన 27వ అధికరణకు రిజర్వేషన్ (అమలును పరిమితం చేసే మినహాయింపు షరతు) పెట్టుకుంది. బాలల హక్కుల ఒప్పందంలో 17, 29, 30 అధికరణలకూ పెట్టుకుంది. వీటితో మొదలయ్యే వినతిపత్రం మొదటి పేజీలోనే ఓడిపోతుంది. దీనికి బదులు తుర్కియే మిత్రరాజ్యాలతో చేసుకున్న శాంతి ఒప్పందం, అంటే 1923 లొసాన్ ఒప్పందం 39వ అధికరణ చూడండి. ఆ ఒప్పందం కుర్దులకు ఏమీ ఇవ్వలేదని అందరూ అంటారు. మైనారిటీగా గుర్తింపు ముస్లిమేతరులకే దక్కిన మాట నిజమే. కానీ 39వ అధికరణలో ఒక పేరా "తుర్కియే జాతీయుడు ఎవరైనా" అని స్పష్టంగా చెబుతూ, వ్యాపారంలో, పత్రికల్లో, ప్రచురణల్లో, బహిరంగ సభల్లో ఏ భాషనైనా వాడుకోవడంపై ఆంక్ష ఉండరాదంటుంది. దాని తర్వాతి పేరా టర్కిష్ మాతృభాష కానివారికి కోర్టులో తమ భాషలో మౌఖికంగా చెప్పుకునే వసతి కల్పించమంటుంది. ఈ నిబంధనలకు అడ్డు వచ్చే ఏ చట్టమూ చెల్లదని 37వ అధికరణ చెబుతుంది. 2004లో సవరించిన రాజ్యాంగం 90వ అధికరణ, ప్రాథమిక హక్కుల విషయంలో అంతర్జాతీయ ఒప్పందానికీ దేశీయ చట్టానికీ పొంతన కుదరకపోతే ఒప్పందానిదే పైచేయి అంటుంది. ఈ మూడూ పక్కపక్కన పెట్టి రాస్తే జవాబు చెప్పడం అవతలివాడికి కష్టమవుతుంది.

ఇప్పుడు ఉత్తర్వుల స్థాయిలో ఒక నిజమైన పని చెబుతాను. 2012 నుంచి 5వ తరగతి మొదలుకొని "సజీవ భాషలు, మాండలికాలు" పేరుతో, కుర్దులు మాట్లాడే కుర్మాంజీ, జాజాకీలలో ఐచ్ఛిక పాఠాలున్నాయి. వారానికి 2 గంటలు. బడిలో కనీసం 10 మంది పిల్లలు అడిగితేనే తరగతి తెరుస్తారు. ఇది ఎక్కడ చెడుతుందంటే, ఐచ్ఛికాలు ఎంచుకునే ఫారం ఇంటికి వచ్చే సమయానికే కొన్ని బళ్లలో ఆ గడి ఉండదు. ఉంటే "టీచర్ లేరు, వేరేది పెట్టండి" అని హెడ్మాస్టర్ నచ్చజెబుతాడు. టీచర్ ఎందుకు లేరంటే, మార్దిన్ ఆర్తుక్లు వంటి విశ్వవిద్యాలయాల్లో కుర్దిష్ చదివినవారు ఉన్నా మంత్రిత్వ శాఖ ఇచ్చే పోస్టులు చాలా తక్కువ. ఒక తరగతిలో 6గురు, పక్క తరగతిలో 5గురు అడిగితే వాళ్లను కలిపి లెక్కించారా లేదా అన్నది తల్లిదండ్రులకు తెలియనే తెలియదు. ఇక్కడ బృందం చేయగలిగింది: ఎంపిక గడువుకు ముందే తల్లిదండ్రులకు అర్థమయ్యేలా ఒక పేజీ కాగితం, బడి నిరాకరిస్తే రాతపూర్వక జవాబు అడిగే నమూనా అర్జీ, అర్జీ అందినట్టు నంబరు తీసుకోమని గట్టిగా చెప్పడం. నోటిమాటగా "కుదరదు" అన్నదాన్ని ఏ కోర్టూ పరిశీలించదు. రాతలో ఉన్న తిరస్కారం మీద పరిపాలనా న్యాయస్థానానికి వెళ్లవచ్చు.

ఈ దారిలో గెలిచిన కేసు కూడా ఉంది. అఫ్యోన్ కొజాతెపె విశ్వవిద్యాలయంలో 18 మంది విద్యార్థులు కుర్దిష్‌ను ఐచ్ఛికంగా పెట్టమని రెక్టరుకు అర్జీ ఇచ్చినందుకు 2002లో సస్పెండ్ అయ్యారు. కొందరికి ఒక టర్మ్, కొందరికి రెండు. ఇర్ఫాన్ తెమెల్ తదితరుల కేసుగా అది స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానానికి చేరింది. మర్యాదగా ఒక అర్జీ పెట్టుకున్నందుకు చదువు ఆపడం విద్యాహక్కు ఉల్లంఘనేనని 2009లో తీర్పు వచ్చింది. కోర్టు కుర్దిష్ విద్యను హక్కుగా ప్రకటించలేదు, అడిగినందుకు శిక్షించకూడదంది. ఈ తేడా మీ రాతల్లో చెరిగిపోకూడదు. గెలుపును ఉన్నదానికంటే పెద్దది చేసి చూపితే తర్వాతిసారి మీ మాటకు విలువ ఉండదు.

కోర్టు గదిలో భాష సంగతి మరీ విచిత్రం. 2013 జనవరిలో వచ్చిన 6411వ నంబరు చట్టం, అభియోగపత్రం చదివాకా, చివరి వాదన సమయంలోనూ నిందితుడు తనకు బాగా వచ్చిన భాషలో మాట్లాడవచ్చంది. టర్కిష్ వచ్చినా మాతృభాష ఎంచుకుంటే అనువాదకుడి ఖర్చు ఖజానా భరించదు, అతనే పెట్టుకోవాలి. సవరించవలసింది ఆ చట్టంలో ఒక్క వాక్యం. ఇలాంటి చిన్న డిమాండ్లను చాలామంది చులకనగా చూస్తారు. నా దృష్టిలో బృందాలు మొదట పట్టుకోవలసినవి ఇవే, ఎందుకంటే వీటిని కాదనడానికి "దేశ విభజన" అన్న మాట అతకదు.

ఆ మాటకొస్తే, తెలుగువాళ్లకు వెంటనే తోచే పోలిక భాషాప్రయుక్త రాష్ట్రాలది. తుర్కియేలో దాన్ని ముందుకు తేవద్దని నా సలహా. భాష పేరిట సరిహద్దు గీయడం అనగానే అక్కడ సంభాషణ ఆగిపోతుంది. మన రాజ్యాంగం 350ఎ అధికరణ బాగా పనికొస్తుంది. రాష్ట్ర సరిహద్దుతో నిమిత్తం లేకుండా, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించమంటుంది అది. ఏ మాటా పెంచకుండా దాన్నే ఉదాహరణగా ఇవ్వండి.

చట్టం స్థాయిలో అన్నిటికంటే పదునైన డిమాండు మేయర్లది. మేయర్ పదవి ఖాళీ అయితే మున్సిపల్ కౌన్సిల్ మరొకరిని ఎన్నుకోవాలన్నది మామూలు నియమం. 2016 సెప్టెంబరులో అత్యవసర పరిస్థితి కింద వచ్చిన 674వ నంబరు డిక్రీ మున్సిపాలిటీల చట్టానికి ఒక మినహాయింపు జోడించింది. ఉగ్రవాద అభియోగంతో తొలగిస్తే అంతర్గత వ్యవహారాల శాఖ లేదా గవర్నరు నేరుగా ఒకరిని నియమించవచ్చు. అక్కడ ఇతన్ని "కయ్యుమ్" అంటారు. 2014లో కుర్దు పార్టీ గెలిచిన 100కు పైగా మున్సిపాలిటీల్లో 90కి మించి ఈ కయ్యుమ్‌ల చేతికి పోయాయి. 2024 మార్చి ఎన్నికల తర్వాత హక్కారి, మార్దిన్, బత్మాన్‌లలో మళ్లీ అదే జరిగింది. దీనిమీద ఐరోపా మండలికి రాజ్యాంగ విషయాల్లో సలహా ఇచ్చే వెనిస్ కమిషన్ 2020 జూన్‌లో ఇచ్చిన అభిప్రాయ పత్రం మీ చేతిలో ఉండాలి. ఐరోపా స్థానిక స్వపరిపాలన చార్టర్‌ను తుర్కియే 1992లో ఆమోదించింది కాబట్టి దాన్నీ ధైర్యంగా ఉటంకించవచ్చు. మేయర్ నిర్దోషా కాదా అన్న చర్చలోకి దిగవద్దు, అది కోర్టు తేల్చేది. మీరు అడగవలసింది, "తొలగించినా సరే, తర్వాతి మేయర్‌ను కౌన్సిల్ ఎందుకు ఎన్నుకోకూడదు?" అన్నదే. ఈ ప్రశ్నను కుర్దులంటే గిట్టని ఓటరు కూడా అర్థం చేసుకుంటాడు.

ఇక స్ట్రాస్‌బర్గ్. బాధితులు ముందు స్థానిక కోర్టులు, ఆ తర్వాత తుర్కియే రాజ్యాంగ న్యాయస్థానం గడప తొక్కాలి. అక్కడ వ్యక్తిగత ఫిర్యాదు 2012 సెప్టెంబర్ 23 నుంచి ఉంది, గడువు 30 రోజులు. ఆ తర్వాత స్ట్రాస్‌బర్గ్‌కు 4 నెలలు. 2022 ఫిబ్రవరి 1కి ముందు ఇది 6 నెలలు, పాత కరపత్రాల్లో ఇంకా 6 అనే ఉంటుంది, జాగ్రత్త. ఫీజు లేదు. సంతకం చేసిన అసలు ఫారం పోస్టులో వెళ్లాలి. విషయమంతా ఫారంలోనే అర్థం కావాలి. అదనపు వివరణ 20 పేజీలు దాటకూడదు. ఒక గడి ఖాళీగా వదిలినా, ఒక తీర్పు కాపీ జతచేయకపోయినా ఫారంను పరిశీలనకు తీసుకోకపోవచ్చు, ఈలోపు గడువు నడుస్తూనే ఉంటుంది. ఇది లాయర్ల పని, మీ బృందం చేయి పెట్టకూడదు. కుర్దులు ఎక్కువగా ఉండే ఆగ్నేయ తుర్కియేలోని దియార్‌బకిర్ బార్ అసోసియేషన్‌కూ, 1986 నుంచి పనిచేస్తున్న మానవ హక్కుల సంఘం ఇహెదెకూ దశాబ్దాల అనుభవం ఉంది. గ్రామాల దహనంపై 1996 నాటి అక్దివార్ తీర్పు, కస్టడీలో చిత్రహింసలపై అదే ఏడాది అక్సోయ్ తీర్పు ఆ ప్రాంతపు కేసులే.

మీలాంటి బృందానికి తగిన చోటు తీర్పు వచ్చాక ఉంది, అక్కడ పనిచేసేవాళ్లు తక్కువ. తీర్పు అమలును ఐరోపా మండలి మంత్రుల కమిటీ పర్యవేక్షిస్తుంది. ఏటా మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్‌లలో ఇందుకోసం కూర్చుంటుంది. ప్రభుత్వం తాను చేసినవి చెబుతూ కార్యాచరణ నివేదిక ఇస్తుంది. కమిటీ నిబంధనల్లో 9.2 కింద స్వచ్ఛంద సంస్థలు దానికి జవాబు రాసి పంపవచ్చు. వ్యక్తులు పంపలేరు, కాబట్టి రిజిస్టరైన సంస్థతో జతకట్టండి. రాయడం ఇంగ్లిష్‌లో లేదా ఫ్రెంచ్‌లో. సమావేశానికి కొన్ని వారాల ముందే చేరాలి. మంచి సమర్పణ 5 నుంచి 8 పేజీలకు మించదు: కేసు పేరు, దరఖాస్తు నంబరు, ప్రభుత్వ నివేదికలోని వాక్యం, దాని కింద వాస్తవం, చివర్లో కమిటీని అడిగే మూడు నాలుగు చర్యలు. 1920 నుంచి చరిత్ర చెప్పడం మొదలుపెడితే ఎవరూ రెండో పేజీ తిప్పరు.

దీని పరిమితి కూడా తెలిసి ఉండాలి. కుర్దు రాజకీయ నాయకుడు సెలాహత్తిన్ దెమిర్తాష్‌ను 2016 నవంబర్ 4న అరెస్టు చేశారు. 2020 డిసెంబర్ 22న స్ట్రాస్‌బర్గ్ కోర్టు విస్తృత ధర్మాసనం (గ్రాండ్ చాంబర్) ఆ నిర్బంధం వెనుక రాజకీయ ఉద్దేశం ఉందని తేల్చి, వెంటనే విడుదల చేయమంది. విడుదల జరగలేదు, 2024 మేలో, 2014 నాటి నిరసనలకు సంబంధించిన కొబానీ కేసులో 42 ఏళ్ల శిక్ష పడింది. తీర్పు తలుపు తెరవదు, తెరవనందుకు ప్రతి మూడు నెలలకూ సంజాయిషీ చెప్పుకునేలా చేస్తుంది. ఆ ఒత్తిడి సన్నగిల్లకుండా చూడటమే మీ వంటివారి పని.

సంభాషణ సంగతికి వస్తే, ప్రభుత్వానికీ కుర్దు సాయుధ సంస్థ పీకేకేకూ మధ్య 2013–15లో నడిచిన చర్చలు ఎందుకు కూలాయో చదవకుండా శాంతి గురించి మాట్లాడకండి. 2013 మార్చి 21న దియార్‌బకిర్‌లో నవ్రోజ్ (వసంత నూతన సంవత్సర పండుగ) సభలో, జైల్లో ఉన్న పీకేకే వ్యవస్థాపకుడు ఒజలాన్ లేఖ చదివారు. 63 మంది ప్రముఖులను ఏడు ప్రాంతాలకు పంపి జనం మాట విన్నారు, అది మంచి ప్రయోగం. కానీ చట్టం రావడానికి 2014 జులై దాకా పట్టింది. వచ్చిన 6551వ నంబరు చట్టం ప్రధానంగా చర్చల్లో పాల్గొన్న అధికారులకు రక్షణ ఇచ్చింది, పౌరుడికి కొత్తగా ఏ హక్కూ ఇవ్వలేదు. మధ్యలో ఉల్లంఘనలు లెక్కించే మూడో పక్షం లేదు. 2015 ఫిబ్రవరి 28న ఇస్తాంబుల్‌లోని దోల్మాబాచె భవనంలో పది అంశాల ప్రకటన వచ్చింది, కొద్ది వారాల్లోనే అధ్యక్షుడు దాన్ని కాదన్నారు, జులైలో కాల్పులు మొదలయ్యాయి. ఆ తర్వాత పోయిన ప్రాణాలు 7,000కు పైనే. అదే 2015 నవంబర్ 28న దియార్‌బకిర్ బార్ అధ్యక్షుడు తాహిర్ ఎల్చి, ఈ పాతబస్తీలో ఆయుధాలు వద్దని పత్రికలవారి ముందు చెప్పిన కాసేపటికే తూటా తగిలి చనిపోయారు.

2025లో మొదలైన కొత్త ప్రక్రియలో తేడా ఏమిటంటే, ఈసారి పార్లమెంటు కూడా చర్చలోకి వచ్చింది. 2025 ఫిబ్రవరి 27న ఒజలాన్ పిలుపు, మే 12న పీకేకే రద్దు ప్రకటన, జులై 11న ఇరాక్‌లోని సులేమానియా దగ్గర 30 మంది తమ ఆయుధాలు కాల్చివేయడం, ఆగస్టు 5న పార్లమెంటు స్పీకర్ అధ్యక్షతన కమిషన్ మొదటి సమావేశం. అదే ఆగస్టులో, శాంతి కోరే కుర్దు తల్లుల సంఘమైన శాంతి తల్లుల బృందం నుంచి వచ్చిన ఒకావిడ కమిషన్ ముందు కుర్దిష్‌లో మాట్లాడబోతే ఆపేశారు. కుర్దు సమస్య తీర్చడానికి కూర్చున్న కమిషన్‌లోనే ఇది జరిగింది. మీ వినతిపత్రంలో రాయడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు: ఇలాంటి పార్లమెంటు కమిషన్ల సాక్ష్యాలకు అనువాదకుణ్ని పెట్టండి, చెప్పింది చెప్పినట్టు మినిట్స్‌లో ఎక్కించండి. పార్లమెంటు మినిట్స్‌లో కుర్దిష్ వాక్యాలను చాలా ఏళ్లు "తెలియని భాష" అని రాసిపెట్టారు. దీన్ని మార్చడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు.

సాక్ష్యాలు సేకరించేటప్పుడు పేరు, ఫోన్ నంబరు ఒక ఫైలులో, జరిగినది మరో ఫైలులో, రెంటినీ కలిపే కోడ్ వేరే చోట పెట్టండి. అంగీకారం మూడు రకాలుగా విడిగా అడగాలి: లాయరుకు చూపడానికి, సంస్థలకు పంపడానికి, బహిరంగంగా రాయడానికి. మొదటిదానికి ఒప్పుకుంటే మూడోదానికీ ఒప్పుకున్నట్టే అనుకోవడం వల్లే ఊళ్లో ఉన్న కుటుంబాలు ఇరుక్కుంటాయి. తుర్కియేలో ఉగ్రవాద నిరోధక చట్టం 7/2 కింద ఉగ్రవాద సంస్థ తరఫు ప్రచారానికి 1 నుంచి 5 ఏళ్ల జైలు, మీడియా ద్వారా అయితే సగం ఎక్కువ. బెర్లిన్‌లో మీరు ట్యాగ్ చేసిన ఫోటో ఆ మిత్రుడు సెలవులకు ఇస్తాంబుల్‌లో దిగినప్పుడు అతని మెడకు చుట్టుకోవచ్చు.

మీ సంగతీ చూసుకోండి. జర్మనీ 1993 నవంబరులో పీకేకేను నిషేధించింది, సంస్థ తనను తాను రద్దు చేసుకున్నంత మాత్రాన ఆ నిషేధం దానంతట అదే తొలగిపోదు. నిషేధిత సంస్థ గుర్తులు చూపితే ఏడాది వరకు జైలు లేదా జరిమానా. ఒజలాన్ బొమ్మ ఉన్న జెండాలను కూడా పోలీసులు ఈ లెక్కలోనే తీసుకుంటారు. విద్యార్థి వీసా మీద ఉన్నవారికి కేసు కంటే నివాస అనుమతి దెబ్బే పెద్దది. సభ పెట్టాలంటే, జనానికి పిలుపునివ్వడానికి కనీసం 48 గంటల ముందు నమోదు చేయించాలి. సభ రోజుకు 48 గంటల ముందు అనుకుని పోస్టర్ ముందే వదిలేసి చాలామంది పొరపడతారు. జెండాలు, నినాదాల జాబితా నమోదు సమయంలోనే అధికారికి చూపించి, ఏవి వద్దన్నారో రాయించుకోండి. పార్లమెంటుకు పిటిషన్ పెట్టే హక్కు జర్మనీలో విదేశీయులకూ ఉంది. బహిరంగ పిటిషన్‌కు 6 వారాల్లో 30,000 సంతకాలు వస్తే కమిటీ బహిరంగ విచారణ జరుపుతుంది. రాకపోయినా పిటిషన్‌ను పరిశీలించి జవాబు ఇవ్వక తప్పదు. జర్మనీ కూడా మంత్రుల కమిటీలో సభ్యురాలే కాబట్టి, వచ్చే త్రైమాసిక సమావేశంలో ఫలానా తీర్పు అమలుపై జర్మనీ ప్రతినిధి ఏ వైఖరి తీసుకుంటారని అందులో అడగండి. ప్రశ్న ఒక్క తీర్పు గురించే ఉండాలి, రెండు పెడితే రెంటికీ కలిపి ఒక పొడి జవాబు వస్తుంది.